రోల్‌లో ఒక్కటే మిగిలింది

1948 సెప్టెంబర్ 15. నిజాం ఏలే హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం చొచ్చుకెళుతోంది. సన్నగా ముసురు. సూర్యాపేట శివారులో జీపు ఆగింది. దిగు. బూటు చీలమండ దాకా ఎర్రమట్టిలో దిగబడుతుంది.

నీ మెడలో రోలైఫ్లెక్స్ కెమెరా. దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి గాజులోకి తొంగిచూడాలి. అందులో కుడి ఎడమ, ఎడమ కుడి. ఊరి మీద పొగ కుడివైపు లేస్తుంటే గాజులో ఎడమవైపు లేస్తోంది. పొద్దుటి విమానాల బాంబుల పొగ అది. రోలుకి 12 బొమ్మలు. మొన్న కోదాడ, ఆ సాయంత్రం మునగాల, నిన్నటి రోడ్డు కలిపి తొమ్మిది తీసేశావు. ఉన్న ఇంకో రోలు వానలో తడిసిపోయింది.

జీపు వెనక సీటులో కాన్వాసు సంచి. ఈ పూట ఫీల్డ్ పోస్టాఫీసు ఉత్తరాలూ నీ వెంటే. గూర్ఖా సిపాయిలు ఇళ్లకు రాసుకున్నవి. కవరు మీద పడే ముద్రలో ఊరి పేరుండదు, నంబరే ఉంటుంది. సంచి శత్రువు చేతికి చిక్కినా పటాలం ఎక్కడుందో తెలియకూడదు.

గోడ మీంచి పెంకు ఎగిరింది.

ఎవరో నిన్ను కిందికి లాగారు. బురద నోట్లోకొచ్చింది. మళ్లీ కాల్పులు. రజాకార్లు, నిజాం పక్షాన తుపాకీ పట్టినవాళ్లు. ఆ మేడ మీద. కాదు, పక్క సందులో. గూర్ఖాలు పాకుతున్నారు. నువ్వూ పాకు. కెమెరా తడవకూడదు. మోచేతుల మీద. ఇంకొంచెం. తల ఎత్తాలి. ఎత్తితే బొమ్మ. ఎత్తితే తూటా కూడా.

ఎత్తావు. క్లిక్. పది.

ఊరు చేతికొచ్చింది. దాటి ముందుకెళితే మూసీ. నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. వంతెన విరిగి ఉంది. నిజాం సైన్యం వెనక్కి తగ్గుతూ పేల్చేసింది. అవతలి గట్టు వైపు చూస్తూ అందరూ ఊపిరి బిగబట్టారు. ఇక్కడ కాల్పులు మొదలైతే దాక్కోవడానికి చెట్టు కూడా లేదు. ఒక నిమిషం. రెండు. అటునుంచి ఏమీ రాలేదు. వంతెన కూల్చినవాళ్లు దానికి కాపలా పెట్టలేదు! ఇంజనీర్లు దుంగలు దించుతున్నారు. క్లిక్. పదకొండు.

ఆఖరిది వంతెన మీద మొదటి బండి దాటేటప్పుడు తియ్యాలి. నీకున్న ఆర్డరు అది. ఇంకో గంట పడుతుంది. ఒడ్డునున్న పల్లెలోకి నడిచావు.

ఒక అవ్వ ఎదురొచ్చింది. ‘‘ఎవలు బిడ్డా మీరు?’’

‘‘యూనియన్ మిలటరీ, అవ్వా.’’

రజాకార్లకు భయపడి కొడుకు బెజవాడ దిక్కు పారిపోయాడట. నలిగిన కార్డు ముక్క మీద అతని చిరునామా చూపించింది. ఈ సంస్థానానికి వేరే టపా, వేరే స్టాంపులు. ఈ గడబిడలో టప్పా మనిషి రావడమే మానేశాడట. ‘‘నువ్వన్న రాయి నాయనా.’’

జేబులో చెయ్యి పెట్టబోయి ఆగావు. ఆమె వెనక పక్కింటి తలుపు ఒక రెక్క ఊడి వేలాడుతోంది. గడప మీద పిల్ల చెప్పు ఒకటే. లోపల గోడకు అరబ్బీ అక్షరాల పటం, అద్దం పగిలి.

‘‘నిన్నటిదాక ఉన్నరు. నా కొడుకు, వాళ్ల పిల్లగాడు ఒక్క జోడు. పొద్దుగాల ఎవలో వచ్చిన్రు.’’ ఎవరో చెప్పలేదు. నీ యూనిఫాం వంక చూసి తల దించుకుంది.

వంతెన మీంచి ఇంజను చప్పుడు. నిన్ను పిలుస్తున్నారు. ఉన్నది ఒక్క బొమ్మ.

ఆ తలుపు బొమ్మ తియ్యి, అంటాను నేను. వంతెనను వందమంది చూస్తున్నారు. ఈ గడపను చూస్తున్నది నువ్వూ అవ్వా. ఎల్లుండికల్లా నిజాం లొంగిపోతాడు, ఐదు రోజుల్లో ముగిసిన విజయమని అంతా అంటారు. నవంబర్ చివర ప్రభుత్వం పంపగా పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ఈ సంస్థానంలో తిరిగి, చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని రాస్తారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు అచ్చుకు నోచుకోదు.

గాజులోకి చూడు. ఎడమ రెక్క కుడివైపు వేలాడుతోంది. క్లిక్. పన్నెండు.

రోలు చుట్టి, చివరి కాగితం పట్టీని నాలుకతో తడిపి అంటించు. బంకలో బురద రుచి. సంచిలో ఉత్తరాల మధ్యకు తోశావు.

ఇప్పుడు ఉత్తరం. ఫీల్డ్ పోస్టు సిపాయిలదే, ఊరివాళ్లది తీసుకోరు. నీ ఉత్తరంగానే రాయాలి, ఊరి పేరు లేకుండా. పెన్సిల్ తీసి ఆ మాటే చెప్పావు.

అవ్వ కాసేపు ఆలోచించింది.

‘‘ఊరి పేరు వద్దా? అయితే ఒంటికొమ్ము బర్రె ఈనిందని రాయి బిడ్డా. వానికి ఎరుకైతది.’’