సామాను సంచి నుంచి అంతరిక్ష కేంద్రం దాకా

1970ల తొలినాళ్లలో అమెరికాలోని ఎంఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివేవాళ్లకు 2.70 అనే నంబరుతో ఒక డిజైన్ కోర్సు ఉండేది. వుడీ ఫ్లవర్స్ అనే యువ అధ్యాపకుడి చేతికొచ్చాక దాని తీరే మారిపోయింది. క్లాసులో అందరికీ ఒకేలాంటి సామాను సంచి ఇచ్చేవారు. అందులో చెక్కపుల్లలు, రబ్బరు బ్యాండ్లు, తీగముక్కలు, అలాంటి చిల్లర సరంజామా. వాటితోనే ఒక యంత్రం కట్టి, సెమిస్టర్ చివర తోటి విద్యార్థుల యంత్రాలతో పోటీకి దింపాలి. సామాను అందరికీ ఒకటే, లెక్కలు ఒకటే, యంత్రాలు మాత్రం ఏ రెండూ ఒకలా ఉండేవి కావు. కోర్సు పరీక్ష చూడటానికి హాలు నిండా జనం రావడం, ఈలలు వేయడం ఎక్కడైనా విన్నామా? అక్కడ అదే జరిగింది. తర్వాత అమెరికా పబ్లిక్ టీవీ కూడా ఆ పోటీని చూపించింది.

ఇంచుమించు ఇదే ఆలోచన జపాన్‌లోనూ వచ్చింది. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రోబోల మీద పరిశోధించే మసాహిరో మోరి 1981లో తన విద్యార్థులకు రెండు బ్యాటరీలు ఇచ్చి, వాటితో మనిషిని మోసుకెళ్లే బండి చేయమన్నాడు. 1988లో ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఈ తరహా పోటీని టీవీకి ఎక్కించింది. పోటీపడింది కోసెన్ విద్యార్థులు. కోసెన్ అంటే పదిహేనేళ్ల వయసులో చేరే ఐదేళ్ల సాంకేతిక కళాశాలలు. మన దూరదర్శన్ ఇంజినీరింగ్ కాలేజీలకు నడిపిన రోబోకాన్ కూడా ఆ వంశంలోదే. 2008లో ఆసియా పసిఫిక్ ఫైనల్స్ పుణెలో జరిగాయి.

అమెరికాలో ఇలాంటి పోటీని హైస్కూలు గడప ఎక్కించినవాడు డీన్ కామెన్. ఒంటికి తగిలించుకునే మందుల పంపు కనిపెట్టి పేరు తెచ్చుకున్నవాడు. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లకు దక్కే చప్పట్లు ఇంజినీర్లకు ఎందుకు దక్కకూడదని అతని పంతం. 1989లో ‘ఫస్ట్’ అనే సంస్థ పెట్టి, ఫ్లవర్స్‌ను వెంటబెట్టుకున్నాడు. 1992లో న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో, ఒక హైస్కూలు జిమ్‌లో 28 జట్లతో తొలి పోటీ జరిగింది. నేల మీద మొక్కజొన్న గింజలు పరిచారు, వాటి మీద రోబోలు తిరుగుతూ టెన్నిస్ బంతులు ఏరుకోవాలి. గింజల మీద చక్రం పట్టు ఎలా తప్పుతుందో ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, చేసి చూడాల్సిందే.

తర్వాత ఏటా జనవరిలో కొత్త ఆట ప్రకటించడం ఆనవాయితీ అయింది, 2019 దాకా ఆరు వారాల్లోనే రోబో సిద్ధం చేయాల్సి ఉండేది. ఇప్పుడు జట్లు మూడు వేలు దాటాయి. పోటీలో ప్రాణం పెట్టి ఆడు, ఎదుటి జట్టు రోబో మొరాయిస్తే మాత్రం నీ పానా ఇచ్చి బాగుచేయించు, ఇదీ ఫ్లవర్స్ పెట్టిన మర్యాద. మర్యాద బాగుంది, ఖర్చు సంగతేమిటి? రిజిస్ట్రేషన్‌కే సుమారు ఆరువేల డాలర్లు. ఇంజినీర్లు పిల్లల పక్కనే ఉండి నేర్పాలన్నది ఫస్ట్ ఉద్దేశం. అందుకే రోబో చేసింది పిల్లలా, పెద్దలా అన్న గొడవ మొదటి నుంచీ ఉంది. 2.70లో ఈ గొడవకు తావే లేదు. సంచి ఒకరిది, చేతులూ వాళ్లవే.

చిన్నపిల్లల వైపు దారి వేరే ప్రయోగశాల నుంచి వచ్చింది. పిల్లలు కంప్యూటర్ చెప్పినట్టు వినడం కాదు, కంప్యూటరే పిల్లలు చెప్పినట్టు వినాలని నమ్మిన సీమోర్ పాపర్ట్ 1967లో సహచరులతో కలిసి లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించాడు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెజ్నిక్, ఫ్రెడ్ మార్టిన్ వంటివాళ్లు దాన్ని లెగో ఇటుకలతో ముడిపెట్టారు. ఆ పరిశోధనే 1998లో మైండ్‌స్టార్మ్స్ అనే రోబో కిట్‌గా దుకాణాల్లోకి వచ్చింది. పేరు పాపర్ట్ పుస్తకానిదే. అదే ఏడాది ఫస్ట్, లెగో కలిసి చిన్న తరగతులకు లీగ్ మొదలుపెట్టాయి. డాలస్, న్యూజెర్సీల్లోని మనవాళ్ల ఇళ్లలో కారు షెడ్డును ఆక్రమించుకున్న ఎనిమిదడుగుల బల్ల ఈ లీగ్‌దే.

ఇవన్నీ పరిశోధనను చూసి నేర్చుకున్న ఆటలు. పరిశోధన పరికరాన్నే పిల్లల చేతికిచ్చిన పోటీ జీరో రోబోటిక్స్, నా లెక్కలో అన్నిటికన్నా సాహసమైనది. 1999లో ఎంఐటీ ప్రొఫెసర్ డేవిడ్ మిల్లర్ విద్యార్థులకు స్టార్ వార్స్‌లో గాలిలో తేలే గుండ్రటి డ్రాయిడ్‌ను చూపించి, అలాంటివి కొన్ని కావాలన్నాడు. అలా పుట్టిన స్ఫియర్స్ ఉపగ్రహాలు మూడు 2006 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం లోపల తేలుతూ వచ్చాయి. ఒక్కోటి వాలీబాల్ అంత, బరువు నాలుగు కిలోలు. పన్నెండు సన్నటి గొట్టాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ చిమ్ముతూ కదిలేది, అల్ట్రాసౌండ్ చప్పుళ్లు అందే సమయాన్ని బట్టి తానెక్కడుందో లెక్కగట్టుకునేది. ఉపగ్రహాలు జట్టుగా ఎలా ఎగరాలో తేల్చుకోవడానికి తయారైన సరుకు ఇది.

2009లో జీరో రోబోటిక్స్ పేరుతో దీన్ని బడిపిల్లలకు తెరిచారు, 2011 నుంచి యూరప్ జట్లూ చేరాయి. పిల్లలు సీ భాషలో ప్రోగ్రామ్ రాసేవారు. తొలి రౌండ్లు కంప్యూటర్ తెర మీద, ఫైనల్స్ అంతరిక్ష కేంద్రంలో. మీట నొక్కేది వ్యోమగామి, పిల్లలు కింద నుంచి చూడటమే. తెర మీద బుద్ధిగా తిరిగిన ఉపగ్రహం పైన దారి తప్పే అవకాశం ఉండేది. ఇంధనం హద్దు మీరితే గెలిచే ఆట కూడా చేజారేది. అప్పుడిక సర్దడానికి పక్కన ఏ ఇంజినీరూ ఉండేవాడు కాదు. స్ఫియర్స్ పని ఇప్పుడు ఆస్ట్రోబీ అనే కొత్త రోబోలకు దక్కింది.

మన దగ్గర 2016లో ప్రభుత్వ సాయంతో, బళ్లలో పిల్లలు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు వచ్చాయి. ఆరు నుంచి పన్నెండు తరగతులకు, బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం. సుమారు పదివేల బళ్లకు అందాయి, వాటిలో ఆంధ్ర, తెలంగాణ బళ్లూ ఉన్నాయి. అక్కడ వాడే ఆర్డువినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు కూడా 2005లో ఇటలీలోని ఇవ్రియా డిజైన్ విద్యాసంస్థలో పుట్టినదే. సరుకుకు లోటు లేదు. లోటు ప్రశ్నకే. సైన్స్ ప్రదర్శనల్లో థర్మోకోల్ అగ్నిపర్వతం పోయి మూత తెరుచుకునే స్మార్ట్ చెత్తబుట్ట వచ్చింది, అదీ యూట్యూబ్‌లో చూసిందే.

లెగో లీగ్‌లో జడ్జిలు పిల్లల్నే అడుగుతారు, కోచ్ గదిలో ఉన్నా నోరు మెదపకూడదు. మన ప్రదర్శనల్లో జడ్జి ఒక్కో బల్ల దగ్గర ఆగేది కాసేపే. ఆ కాసేపట్లో పిల్ల బట్టీపట్టిన వివరణ గడగడా అప్పజెబుతుంది, మాస్టారు వెనక నిలబడి పెదవులు కదుపుతుంటారు. మధ్యలో ఆపి, ‘ఇది పనిచెయ్యనప్పుడు ఏం చేశావమ్మా?’ అని అడిగే జడ్జిలు లేకపోలేదు, కానీ తక్కువ.