పాలపళ్లు వచ్చే వేళ జ్వరం, విరేచనాలపై నిర్లక్ష్యం తగదు

"పండ్లొస్తున్నయి, గందుకే జరమొచ్చింది" అనే మాట ఉత్తర తెలంగాణ పల్లెలలో పెద్దల నోట తరచుగా వినిపిస్తుంది. ఈ నమ్మకంతో తల్లిదండ్రులు రెండు మూడు రోజులు వేచి చూసినచో, సులభంగా నయం కావలసిన వ్యాధి శిశువు ప్రాణానికే ముప్పుగా పరిణమించవచ్చు. పళ్లు రావడం వ్యాధి కాదు. అది తీవ్ర జ్వరాన్ని గాని, విరేచనాలను గాని కలిగించదు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలతో సహా ఈ ప్రాంతమంతటా ప్రతి తల్లికి చేరవలసిన ప్రథమ సందేశం ఇదే.

పళ్లు వచ్చే క్రమం

పాలపళ్లు మొత్తం 20. సాధారణంగా 6 నుంచి 10 నెలల మధ్య కింది దవడలో ముందరి రెండు పళ్లు తొలుత కనిపిస్తాయి. రెండున్నర నుంచి మూడేళ్ల వయసుకు అన్నీ పూర్తవుతాయి. కొందరికి నాలుగో నెలలోనే మొదలు కావచ్చు, మరికొందరికి ఏడాది దాటవచ్చు. ఏడాదిన్నర నిండినా ఒక్క పన్నూ రానట్లయితే వైద్యునికి చూపించాలి. పై పళ్లు ముందుగా వస్తే మేనమామకు కీడు అనే భయానికి ఎటువంటి శాస్త్రీయ ఆధారమూ లేదు.

ఈ దశలో చొల్లు కారడం, చేతికి దొరికిన దానినల్లా కొరకడం, చిగుళ్లు కొద్దిగా ఎర్రబడడం, చిరాకు, నిద్ర తగ్గడం, ఒళ్లు స్వల్పంగా వెచ్చబడడం సహజం. శరీర ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్, అనగా 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే అది పళ్ల వల్ల కాదని, వేరే కారణం వెతకాలని గుర్తించాలి.

అపోహకు మూలం

తల్లి నుంచి సంక్రమించిన రోగనిరోధక శక్తి ఆరు నెలల వయసు నాటికి తగ్గుతుంది. అదే సమయంలో అనుబంధ ఆహారం మొదలవుతుంది, శిశువు పాకుతూ నేలపై వస్తువులను నోట పెట్టుకుంటుంది. ఈ కారణాల వల్ల వచ్చే విరేచనాలు, జ్వరాలు పళ్లు వచ్చే కాలంతో కలిసి రావడం చేత నింద పళ్లపై పడుతున్నది. ఈ అపోహ మన ప్రాంతానికే పరిమితం కాదు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో శిశు మరణాలకు కారణంగా పళ్లు రావడాన్నే అధికారిక పట్టికలలో నమోదు చేసేవారు. అక్కడ పాదరస లవణం కలిపిన పళ్ల పొడులు వాడిన ఫలితంగా పిల్లలు 'పింక్ వ్యాధి' బారిన పడ్డారు. 1954లో ఆ పొడుల నుంచి పాదరసాన్ని తొలగించిన అనంతరం ఆ వ్యాధి దాదాపు కనుమరుగైంది.

ఆలస్యం వద్దు

వర్షాకాలంలో ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేలలో శిశువు జ్వరానికి మలేరియా కూడా కారణం కావచ్చు. కావున జ్వరం వచ్చిన ప్రతి శిశువుకు రక్త పరీక్ష చేయించాలి. విరేచనాలైతే తల్లిపాలు ఆపరాదు. ఒక ఓఆర్ఎస్ పొట్లాన్ని ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి, విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్ల వరకు చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. జింకు మాత్రను 14 రోజులు ఇవ్వాలి. రోజుకు మోతాదు ఆరు నెలలు దాటిన వారికి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వారికి 10 మిల్లీగ్రాములు.

కళ్లు లోతుకు పోవడం, పాలు తాగలేకపోవడం, మగతగా ఉండడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, విరేచనంలో రక్తం, ఫిట్స్, వేగంగా శ్వాస తీయడం వంటి లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108 అంబులెన్సులో ఆసుపత్రికి తరలించాలి. మూడు నెలలలోపు శిశువుకు జ్వరం వస్తే ఏ లక్షణం కోసమూ ఎదురుచూడరాదు.

చిగుళ్ల బాధకు ఉపశమనం

శుభ్రంగా కడిగిన వేలితో చిగుళ్లను మృదువుగా రుద్దడం, చల్లని నీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డను కొరకనివ్వడం చాలు. మంచులా గడ్డకట్టిన వస్తువులు ఇవ్వరాదు. మెడలో పూసల దండలు, తాయెత్తు దారాలు ఊపిరి ఆడకుండా చేసే ప్రమాదం ఉన్నది. కల్లు, సారా చిగుళ్లకు రాయరాదు. ఏడాదిలోపు తేనె నాకించరాదు. బెంజోకేయిన్ ఉన్న మత్తు జెల్‌ను రెండేళ్లలోపు పిల్లలకు వాడరాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. అది రక్తం ఆక్సిజన్‌ను మోసుకుపోయే శక్తిని తగ్గించగలదు.

ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే తల్లులు అనేకులు. తంబాకు అంటిన వేలు బిడ్డ నోటికి తగలరాదు. చాట పక్కన పెట్టి, సబ్బుతో చేతులు కడిగిన తరువాతే బిడ్డను ఎత్తుకోవాలి. తంబాకును, తునికాకును బిడ్డకు అందని చోట ఉంచాలి.

తొలి పన్ను నుంచే సంరక్షణ

పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అనే ఉపేక్ష సరికాదు. నమలడానికి, మాట స్పష్టతకు, శాశ్వత దంతాలకు చోటు నిలపడానికి అవి అవసరం. పళ్లు రాకముందు పాలు తాగిన పిదప తడి గుడ్డతో చిగుళ్లు తుడవాలి. తొలి పన్ను కనిపించిన నాటి నుంచి మెత్తని బ్రష్‌తో, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండు సార్లు తోమాలి. మూడేళ్లు దాటిన తరువాత బఠాణీ గింజంత చాలు. పాల సీసాను నోట ఉంచి నిద్రపుచ్చరాదు. అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా అందే బాలామృతం పోషకాహారమే అయినా అందులో చక్కెర ఉన్నందున తినిపించిన తరువాత నీరు తాగించి, పళ్లు తుడవాలి. మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి దంత వైద్యునికి చూపించడం మేలు.

తాగే నీటిపైనా దృష్టి అవసరం. శాశ్వత దంతాల పింగాణీ పొర తొలి సంవత్సరాలలోనే రూపొందుతుంది. ఆ కాలంలో నీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించితే పళ్లపై మచ్చలు శాశ్వతంగా నిలుస్తాయని నల్లగొండ అనుభవం చెబుతున్నది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. బోరు నీటిపై ఆధారపడే కుటుంబాలు పరీక్ష చేయించుకోవాలి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా అందే శుద్ధి చేసిన నదీజలాన్ని పిల్లలకు తాగించాలి.

అందుబాటులో సేవలు

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండు సార్లు పరీక్షిస్తాయి. పుప్పి పళ్లు ఈ పరీక్షల పరిధిలోనివే. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఇంటింటి సందర్శనలో ఈ విషయాలను గోండి, కొలామి, లంబాడి, మరాఠీ మాట్లాడే కుటుంబాలకు వారి భాషలలోనే వివరించడం ప్రయోజనకరం.

శిశువుల అస్వస్థతను గూర్చి వార్తలు రాసే పాత్రికేయులు 'పళ్ల జ్వరం' అనే పదాన్ని కారణంగా పేర్కొనకుండా వైద్యుల నిర్ధారణను ప్రచురించవలసి ఉన్నది. క్షేత్రస్థాయి అధికారులు సైతం నివేదికలలో ఇదే పాటించాలి. పన్ను వచ్చినందుకు ఇల్లంతా సంతోషించాలి. జ్వరం వస్తే మాత్రం ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.