చక్రమునకు మూత

జగ్గయ్యపేట నుండి కృష్ణ ఒడ్డున నున్న ముక్త్యాలకు పోవు దారిలో నేడు సిమెంటు లారీలు విరివిగా తిరుగుచున్నవి. ఆగియున్న లారీ చక్రమును ఒకసారి పరికించి చూడుడు. అది ఉక్కురేకును ఒత్తి చేసిన పళ్లెము. అందు వరుసగా రంధ్రములు కలవు. ఎడ్లబండి చక్రమునకు ఆకులు కలవు. గుడి రథమునకో, సాధారణముగా నిండుచక్రములే. చక్రపు నడిమి భాగమును మూయవలెనా, తెరచి యుంచవలెనా? ఈ ప్రశ్నకు మానవుడు అయిదువేల యేండ్లుగా సమాధానము వెదకుచున్నాడు.

మొట్టమొదటి చక్రము నిండుచక్రమే. పలకలను జోడించి గుండ్రముగా చెక్కినది. గోదావరికి ఉపనదియైన ప్రవర ఒడ్డున, దైమాబాదులో 1974లో దొరకిన రాగి రథపు బొమ్మకు చక్రములు నిండుపళ్లెములే. అది గట్టిది, కాని బరువు. సుమారు నాలుగువేల యేండ్ల క్రిందట ఆకుల చక్రము వచ్చి ఆ బరువును తగ్గించినది. గుఱ్ఱపు రథము వేగమందుకొన్నది. గుడిరథమునకు వేగముతో పని లేదు, మోయవలసిన భారము అపారము. కావున అది పాత పద్ధతినే నిలుపుకొన్నది.

వేగమునకును అధికారమునకును చక్రమే గుర్తు అయినది. జగ్గయ్యపేట స్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించినాడు. అక్కడ లభించిన క్రీస్తుపూర్వపు సున్నపురాతి పలకపై మాంధాత చక్రవర్తి నిలుచున్నాడు. పైనుండి నాణెములు వర్షించుచున్నవి. చుట్టును ఏడు రత్నములు. అందొకటి చక్రరత్నము. అడ్డులేక దొర్లు చక్రము కలవాడే చక్రవర్తి.

మోటారు బండ్లు వచ్చిన తొలి దినములలో పలు కార్లకు సన్నని తీగల చక్రములుండెడివి. అవి తేలికయే గాని, తీగల సందులలో చేరిన బురదను కడుగుట పెద్ద పని. 1914-18 యుద్ధకాలపు విమానములలో గాలి ఒరపిడి తగ్గుటకై తీగల చక్రములపై గుడ్డను బిగించెడివారు. తరువాత ఖరీదైన కార్లకు లోహపు మూతలు వచ్చినవి. ఇంగ్లండులోని కావెంట్రీ నగరమున తయారైన ‘ఏస్’ మూతలు వీనిలో పేరు పొందినవి.

వీనిని పందెపు పనిముట్టుగా చేసినవారు అమెరికాలోని కాలిఫోర్నియా యువకులు. పాత ఫోర్డు కార్లను కొని, బురదరేకులు ఊడదీసి, ఇంజనుకు బలము చేకూర్చి, ఎండిన సరస్సుల నేలపై పరుగెత్తించెడివారు. ఇట్టి బండ్లకే ‘హాట్ రాడ్’ అని పేరు. వారి వేగములను కొలుచుటకు 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడినది. 1949 నుండి యూటా రాష్ట్రములోని బాన్‌విల్ ఉప్పు మైదానమున పందెములు జరిగినవి. దొర్లుచున్న చక్రపు పైయంచు బండి వేగమునకు రెట్టింపు వేగముతో ముందుకు సాగును. మూత లేని చక్రము అచ్చట పంకావలె గాలిని చిలుకును. నునుపైన పళ్లెమును బిగించినచో ఆ చిలుకుడు తగ్గును. శాంటా ఫే స్ప్రింగ్స్ ఊరి డీన్ మూన్ అల్యూమినియముతో చేసిన ‘మూన్ డిస్కులు’ ఈ విధముగానే లోకప్రసిద్ధములైనవి.

పాత మూత దొరకుట అదృష్టము, చేయుట విద్య. ముందుగా చక్రపు అంచును కొలిచి, ఆ కొలతకు చెక్కతో అచ్చు తయారు చేయవలెను. తిరుగుడు యంత్రమున అచ్చును, దాని ముందు అల్యూమినియపు రేకును బిగించి తిప్పుచు, పొడవైన పనిముట్టుతో రేకును కొంచెము కొంచెముగా అచ్చుపైకి ఒత్తుదురు. ఒత్తినకొలది రేకు గట్టిపడును. చీలకుండ నుండుటకు నడుమ వేడిచేసి మెత్తపరచవలసి రావచ్చును. అల్యూమినియపు గిన్నెలు చేయు పద్ధతులలో ఇది యొకటి! వంటింటి పాత్రకును పందెపు బండికిని విద్య ఒక్కటే. విజయవాడ ఆటోనగరమున రేకును మలచగల చేతులకు కొదువ లేదు.

అయితే జాగ్రత్తలు కొన్ని కలవు. గాలి నింపు గొట్టమునకు రంధ్రము విడువవలెను. మరలతో గట్టిగా బిగింపని మూత వేగమున ఎగిరిపోయి ఎదుటివారిని గాయపరచగలదు. నిండు మూత బ్రేకులకు గాలి సోకనీయదు; మాటిమాటికి బ్రేకు వేయవలసిన మన దారులలో అవి వేడెక్కును. లారీ చక్రపు రంధ్రములు బరువు తగ్గించుటయేగాక ఆ వేడిని పోగొట్టుటకును తోడ్పడును. ఉప్పు మైదానమున గుణమైనది ముక్త్యాల దారిలో దోషము కావచ్చును.

జగ్గయ్యపేట స్తూపమునకే మరల పోదము. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని యిరువదవ పాలనా సంవత్సరమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, అచ్చట అయిదు ఆయక స్తంభములను నిలిపినవాడు రాజు కాడు, మంత్రి కాడు, సిద్ధార్థుడను శిల్పి. ఆతని తండ్రియు శిల్పియే. శాసనము ఆ పేర్లను భద్రపరచినది. మన బండ్ల ఆకులు చెక్కిన వడ్రంగుల పేర్లు, పాత కార్లకు మూతలు సరిచేసి యిచ్చిన పనివారల పేర్లు ఏ రాతిపైనను లేవు. వారి విద్య చేతినుండి చేతికి మాత్రమే అందును. ఒక్క తరము అందుకొననిచో ఆగిపోవును. మన ఊరి పాత పనివానిని, ఆయన చేయి ఆడుచుండగానే, పని నేర్పుమని అడుగుట మన చేతిలో నున్నది.