గన్నేరు మాడిపోయిందా? ఆగండి, పీకేయకండి!

ఈరోజు ఒక మొక్క హిస్టరీ. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది.

2021 ఫిబ్రవరి. మా అక్కావాళ్లు ఉండేది డల్లాస్‌లో. 16వ తేదీన అక్కడ మైనస్ 19 డిగ్రీలు. టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. కొన్నాళ్లకు అక్క వీడియో కాల్ చేసి పెరట్లో గన్నేరు చూపించింది. ఆకులన్నీ మాడిపోయాయి. "చచ్చిపోయిందక్కా, పీకించెయ్" అన్నాను. పీకించేసింది. మే నెలలో పక్కింటివాళ్ల గన్నేరు ఫోటో పంపింది. అదీ అలాగే మాడింది, కానీ మొదలు నుంచి చిగుర్లేసింది. ఫోటో కింద అక్క ఒక్క మాట కూడా రాయలేదు.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. టెక్సాస్‌లోనే గాల్వెస్టన్ అని ఒక దీవి ఊరు ఉంది. 1841లో జోసెఫ్ ఆస్టర్‌మన్ అనే వ్యాపారి జమైకా నుంచి అక్కడికి గన్నేరు తెచ్చాడు. 1900 సెప్టెంబర్ 8న తుఫాను ఆ ఊరిని ముంచేసింది, వేలమంది చనిపోయారు. తర్వాత సముద్రపు ఇసుక పోసి ఊరినే ఎత్తు పెంచారు. పాత తోటలు పోయాయి. ఉప్పు నేలలో ఏది బతుకుతుంది? గన్నేరు! అక్కడి మహిళా సంఘం వాళ్లు ఊరంతా మళ్లీ నాటించారు. 1967లో ఈ మొక్క కోసమే ఒక సొసైటీ కూడా పెట్టారు.

ఉప్పును తట్టుకున్న గన్నేరుకి గడ్డకట్టే చలి మాత్రం పడదు. 2021లో గాల్వెస్టన్‌లోనూ కొమ్మలు మాడాయి. కానీ మట్టి గాలంత తొందరగా చల్లబడదు. పైన కొమ్మ చచ్చినా కింద వేరు బతికే అవకాశం ఉంది. అందుకే చాలా మొక్కలు మళ్లీ లేచాయి.

కాబట్టి మాడగానే కత్తెర తీయొద్దు. గోరుతో బెరడు కాస్త గీకండి. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికున్నట్టే. ఎండిపోయినట్టుంటే కిందికి వస్తూ చూడండి. చలి పూర్తిగా పోయి చిగుళ్లు వచ్చాక, ఎండిన భాగం మాత్రమే కత్తిరించండి. చలికాలం ముందు కూడా గట్టిగా కత్తిరించొద్దు, లేత చిగుళ్లొస్తే అవే ముందు మాడతాయి. గన్నేరు విషం, గ్లోవ్స్ మర్చిపోవద్దు. కొమ్మల్ని కాల్చొద్దు, పొగ కూడా ప్రమాదమే.

అక్క మళ్లీ గన్నేరు నాటింది. ఈసారి మాడితే మాత్రం నన్ను అడగదట!

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.