టపా కట్టిందెవరు?
మా చుట్టాలబ్బాయి వాళ్ల చీరల కొట్టు వెబ్‌సైటుకు ఈమధ్య ఒక బ్లాగు తగిలించాడు. ఇదివరకు ఒక్క ధర మార్చాలన్నా సైటు కట్టినవాణ్ణి బతిమాలుకోవాలి. ఇప్పుడు పాత సైటు పక్కనే వర్డ్‌ప్రెస్ ఎక్కించాడు, తనే రాసి మీట నొక్కితే చాలు. మెనూలో ‘టపాలు’ అని చూసి వాళ్ల తాతయ్య ఉలిక్కిపడ్డాడు: ‘‘ఎవర్రా టపా కట్టేసింది?’’ ఆయన్ని అని లాభం లేదు, ఆ మాట ఇప్పుడు చావు కబురులోనే ఎక్కువగా వినిపిస్తోంది. అసలు టపా అంటే ఉత్తరాల బట్వాడా. ‘పోస్టు’కు బదులుగా తెలుగు బ్లాగరులు దాన్ని అటక మీంచి దింపారు. జోడీ భలే కుదిరింది. ‘ఉంచినది’ అనే లాటిన్ మాట నుంచి పోస్టు పుట్టింది, మజిలీ మజిలీకీ ఉంచిన రౌతుల వల్ల. మరాఠీలో టప్పా అన్నా మజిలీయే. టపాకాయతో దీనికి చుట్టరికం లేదు, అది ఉత్త చప్పుడు. తపాలా మూలం మీద మాత్రం పండితులకు పేచీ ఉంది. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు బ్రౌన్ దొర చెప్పిన ముచ్చటొకటి ఎక్కించింది: మన తెలుగు గుమాస్తాలు తపాలాకు వాడే ‘తప్పాలు’ను బహువచనం అనుకుని, తోక కోసేసి, ‘తప్పా’ అని ఏకవచనం రాసేవారట! మావాడు ఆ ‘లు’ను మళ్లీ అతికించాడన్నమాట. తాతయ్య ప్రస్తుతం మూడో టపా చెప్పి రాయిస్తున్నాడు, పట్టుచీర మడతలు ఎన్నాళ్లకోసారి మార్చాలో.