కేస్‌వర్క్

అమెరికా సెనేటర్ కార్యాలయంలో 'కేస్‌వర్క్' అంటే కోర్టు పని కాదు. ఆగిపోయిన పెన్షన్, అందని పాస్‌పోర్టు, మాజీ సైనికుడికి రావలసిన వైద్యం వంటి వాటి గురించి సొంత రాష్ట్రం వాళ్ల తరఫున ఫెడరల్ శాఖలకు రాసి జవాబు రాబట్టడం. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లలో గ్రీన్‌కార్డు జాప్యం మీద సెనేటర్‌ను ఆశ్రయించేవాళ్లకూ ఈ మాట పరిచయమే.

'కేస్'కు మూలం లాటిన్ 'కాసుస్'. పడడం, సంభవించడం అని అర్థం. వైద్యులూ లాయర్లూ వాడే ఆ మాట సేవాసంస్థల్లోనూ పాతుకుంది. 1922లో సామాజిక సేవారంగానికి చెందిన మేరీ రిచ్‌మండ్ సోషల్ కేస్‌వర్క్ అంటే ఏమిటో చెప్పడానికి ఏకంగా పుస్తకమే రాసింది.

చట్టసభలో ఈ పని మాత్రం పాతదే. అమెరికా అంతర్యుద్ధ సైనికుల పెన్షన్ల కోసం ఒక్కొక్కరి పేరిట ప్రత్యేక బిల్లులు పెట్టేవారు. అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ వాటిని వందల్లో వీటో చేశాడు. చట్టసభ పునర్వ్యవస్థీకరణకు 1946లో చేసిన చట్టం అలాంటి పెన్షన్ బిల్లులను మాన్పించింది.

ఒక కేస్‌వర్క్ ఫైలు తెరిస్తే అర్జీదారు ఉత్తరం, సెనేటర్ పంపిన లేఖ, శాఖ జవాబు వరసగా కనిపిస్తాయి. 1974 నాటి గోప్యతా చట్టం తర్వాతి ఫైళ్లలో అర్జీదారు సంతకంతో అనుమతిపత్రం కూడా ఉంటుంది. సెనేటర్ అడగగలడే కాని ఆదేశించలేడు. అయినా ఆ లెటర్‌హెడ్ చూస్తే కదలని కాగితం కదులుతుంది!

సెనేట్ కమిటీల రికార్డులు ప్రభుత్వానివి. కార్యాలయ ఫైళ్లు సెనేటర్ సొంతం. వాటిని తరచు సొంత రాష్ట్రంలోని విశ్వవిద్యాలయానికి ఇస్తారు. కేస్‌వర్క్ ఫైళ్లలో జబ్బులు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉంటాయి గనుక చాలా గ్రంథాలయాలు వాటిని ఏళ్ల తరబడి మూసి ఉంచుతాయి, లేదా నమూనాకు కొన్ని ఉంచి తక్కినవి తీసేస్తాయి.