గడ్డకట్టడం

విశాఖలో మల్కాపురం వైపు గెడ్డ అంటే పారే నీరు. విశాఖకు తాగునీళ్లిచ్చే మేఘాద్రిగెడ్డ పేరులో ఉన్నది అదే. గడ్డ అంటే నిలిచినది: మట్టిగడ్డ, మంచుగడ్డ, తెలుగు గడ్డ. అచ్చు ఒక్కటి మారితే పారేది కాస్తా నిలిచేదవుతుంది. షిప్‌యార్డులో ఇనుప రేకు తగిలి వేలు తెగితే జరిగేదీ అదే. పారే రక్తం గడ్డకడుతుంది.

ఈ మాటకు ప్రాణం గడ్డలో కాదు, కట్టడంలో ఉంది. గూడు కడతాం, ఇల్లు కడతాం, గాయానికి కట్టు కడతాం. చలికి నెయ్యి పేరుకుంటుంది, ఎండకు కరుగుతుంది. అందులో ఎవరి పనీ లేదు. రక్తం అలా పేరుకోదు. పనిగట్టుకుని కడుతుంది.

ఆ పనికి పూనుకునే ఎంజైము థ్రాంబిన్. విచిత్రమేమిటంటే, దానికి తెలిసింది కోయడమే. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను కోస్తే ఫైబ్రిన్ పోగులు ఏర్పడతాయి. రక్తంలోని చిన్న కణాలైన ప్లేట్‌లెట్ల మీద కూడా అది కోసే పార్-1, పార్-4 అనే గ్రాహకాలుంటాయి. పార్-1 బయటి కొసను థ్రాంబిన్ 41, 42 అమైనో ఆమ్లాల మధ్య కోస్తుంది. అలా బయటపడిన కొత్త కొస వంగి, తన గ్రాహకానికే తగులుకుని దాన్ని మేల్కొలుపుతుంది. 1991లో కాలిఫోర్నియాలో షాన్ కాఫ్లిన్ బృందం ఈ సంగతి తేల్చింది. గ్రాహకం అందుకోవలసినది దానిలోనే దాగి ఉంది. కోత దాన్ని బయటపెట్టింది. వెంటనే ప్లేట్‌లెట్‌లో కాల్షియం పెరుగుతుంది, ఆకారం మారుతుంది, లోపలి ఏడీపీ అనే రసాయనం బయటికొచ్చి చుట్టుపక్కల ప్లేట్‌లెట్లనూ లేపుతుంది. ఫైబ్రినోజెన్ వాటిని ఒకదానితో ఒకటి కలుపుతుంది. కోత లేనిదే ఈ కట్టు లేదు.

గాయం మీద ప్రాణం నిలిపే ఆ గడ్డే గుండె రక్తనాళంలో కడితే ప్రాణం తీస్తుంది. అలా కట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లను మనం ‘రక్తం పలచబడే మాత్రలు’ అంటాం. ఆ మాట తప్పు. వాటివల్ల రక్తం నీళ్లగా మారదు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లలో, వాటిని లేపే థ్రాంబాక్సేన్ తయారీని ఆపుతుంది. క్లోపిడోగ్రెల్ ఏడీపీ అందుకునే గ్రాహకాన్ని మూసేస్తుంది. పలచబడడం అనే మాట వింటే, పలచబడింది చాలు, ఇక మానేద్దాం అనిపిస్తుంది. వాటిని ‘గడ్డకట్టనివ్వని మాత్రలు’ అందాం. స్టెంట్ వేయించుకున్నవారు డాక్టరును అడగకుండా వాటిని ఒక్క రోజు కూడా మానకండి.